బండి ఎత్తు పెంచారు సరే, ఫ్యాన్ కవర్ ఏం చేశారు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఇది మన జీపుల గురించి. బండి ఉన్నవాళ్లు, బండి తోలేవాళ్లు, షెడ్డుల్లో పనిచేసే తమ్ముళ్లు తప్పకుండా చదవాలి. బండి లేనివాళ్లు కూడా చదవండి, ఎందుకంటే ఎక్కేది మనమే.

మా మాట ముందే చెప్పేస్తాం. ఘాట్ ఎక్కుతుంటే జీపు పొంగిందంటే ఇంజను ముసలిదైపోయిందనో, డ్రైవర్‌కి తోలడం రాదనో అనేస్తాం. మేము ఈమధ్య చూసిన బళ్లలో మాత్రం అసలు కారణం ఒక రేకు ముక్క. రేడియేటర్‌కీ ఫ్యానుకీ మధ్యలో ఉండాల్సిన కవర్. కంపెనీవాళ్లు ఫ్యాన్ ష్రౌడ్ అంటారు, మన షెడ్డుల్లో ఫ్యాన్ కవర్ అంటారు. బాడీ ఎత్తు పెంచినప్పుడు అది అడ్డం వస్తుంది. ఊడదీసి మూల పడేస్తారు. అక్కడితో ఆ పని అయిపోయిందనుకుంటారు. కాదు, అది సగంలో ఆగిపోయిన పని. ఎత్తు పెంచినవాళ్లు ఆ కవర్ మళ్లీ బిగించేదాకా బండిని ఘాట్ మీదికి పంపకూడదు అనేది మా అభిప్రాయం.

ఎందుకింత గట్టిగా అంటున్నామో చెప్తాం.

మేము నలుగురం హాస్టల్లో ఒకే రూములో ఉంటాం. మాలో ఒకడి అన్నయ్యకి పాత డీజిల్ జీపు ఉంది. సంతకీ అదే, పెళ్లికీ అదే, ఆసుపత్రికీ అదే. వాళ్ల ఊరు లోయలో, మెయిన్ రోడ్డు పైన. మధ్యలో నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు, సగం రాళ్లు, సగం బురద. పోయిన వేసవిలో అన్నయ్య దానికి పెద్ద టైర్లు వేయించాడు. టైర్లు మడ్‌గార్డుకి రాసుకుంటున్నాయని ఛాసిస్‌కీ బాడీకీ మధ్య రెండంగుళాల దిమ్మలు పెట్టించి బాడీని పైకి లేపించాడు. చూడ్డానికి బాగుంది, మేమూ ఫోటోలు దిగాం, దాచుకోవడం ఎందుకు.

బాడీ లేపిన రోజు సెల్ఫ్ కొట్టగానే ముందు టకటకమని శబ్దం. ఫ్యాన్ రెక్కలు కవర్ కింది అంచుని కొడుతున్నాయి. షెడ్డులో కవర్ ఊడదీసేసి, "ఇది లేకపోతే గాలి ఇంకా ఫ్రీగా ఆడుతుంది, వేలు తెగకుండా పెడతారంతే" అన్నారు. అన్నయ్య నమ్మాడు. మేమూ నమ్మాం. ఆ తర్వాత కిందికి మాడుగుల, చోడవరం దాకా వెళ్లొచ్చాడు, ముల్లు కదల్లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

వానాకాలంలో మావాడి పెద్దమ్మకి జ్వరం ముదిరింది. పై గూడెం నుంచి డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. అక్కడి నుంచి జీపు. ఫస్ట్ గేర్లో ఎక్కుతూ రెండో మలుపు దాటగానే ముల్లు ఎర్రగీత దాటింది. ఆవిరి, బానెట్ కింద నుంచి నీళ్లు. బండి ఆపేశారు. వాన పడుతోంది, ఆవిడ లోపల వణుకుతోంది, కుర్రాళ్లు గెడ్డలో నీళ్లకి డబ్బాలు పట్టుకుని పరిగెత్తారు. దాదాపు గంట అక్కడే. పెద్దమ్మ ఆసుపత్రికి చేరింది, కోలుకుంది. కానీ ఆ గంటలో అన్నయ్యని అనని మాట లేదు. డోలీ మోసినవాళ్లలో ఒక తాత, "టైర్లకి డబ్బులున్నాయి గానీ నీళ్లు చల్లార్చడానికి లేవా నాయనా" అన్నాడట. అన్నయ్య మాకు చెప్తూ తల ఎత్తలేదు. సొంత పెద్దమ్మ, సొంత బండి.

ఆ తర్వాత ఏం చేశాడంటే, అందరూ చేసేదే. అప్పు చేసి రేడియేటర్ కోర్ మార్పించాడు, 7,000 అయింది. థర్మోస్టాట్ తీయించేశాడు. కూలెంట్ పోయించాడు. అయినా ఎక్కుడులో ముల్లు లేస్తూనే ఉంది.

దసరా సెలవులకి మేము వాళ్ల ఊరు వెళ్లినప్పుడు ఈ సంగతి తిరగేసి చూశాం. మేమేమీ మెకానిక్కులం కాదు. మాలో ఇద్దరిది బీఎస్సీ, ఒకడిది డిప్లమో, ఒకడిది బీఏ. కానీ వాళ్ల ఊరి పక్కన టింకరింగ్ పని చేసే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయన బానెట్ ఎత్తి ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపమన్నాడు. ఇంజను స్టార్ట్ చేయించి కాగితాన్ని ముందు గ్రిల్లు దగ్గర, రేడియేటర్ నడుమ పెట్టాడు. అతుక్కుంది. నాలుగు మూలలకీ జరిపాడు. ప్రతి మూలలోనూ కాగితం జారి కింద పడింది. "గాలి ఇక్కడ లేదు" అన్నాడు. అంతే.

దీన్ని మేము తర్వాత లెక్క కట్టాం. ఆ రేడియేటర్ కోర్ 18 అంగుళాల చదరం, అంటే 324 చదరపు అంగుళాలు. ఫ్యాన్ అడ్డకొలత 14 అంగుళాలు, అది తిరిగే గుండ్రం వైశాల్యం 154. కవర్ లేకపోతే ఫ్యాన్ ఎక్కువగా తన ఎదురుగా ఉన్న గుండ్రంలోంచే గాలి లాగుతుంది. కోర్‌లో సగం కూడా కాదు. 7,000 పెట్టి మార్పించిన కొత్త కోర్‌లో సగానికి పైగా ఊరికే నిలబడి ఉందన్నమాట. ఇంకో నష్టం కూడా ఉంది. కవర్ లేనప్పుడు రెక్కల చివర్ల చుట్టూ ఇంజను వైపు వేడిగాలే వెనక్కి తిరిగి ముందుకొస్తుంది. ఫ్యాన్ దాన్నే మళ్లీ లాగుతుంది. చల్లటి గాలి కాకుండా ఉడికిన గాలినే తిప్పి తిప్పి కొడుతుంది.

మరి కింద చోడవరం రోడ్డు మీద ఎందుకు పొంగలేదు? అక్కడ బండి యాభైలో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్ మొత్తాన్నీ చల్లారుస్తుంది. ఫ్యాన్‌తో పెద్దగా పని లేదు. ఘాట్‌లో ఫస్ట్ గేర్లో పది, పన్నెండు కిలోమీటర్ల వేగం. ఎదురుగాలి లేదు, ఇంజను మీద బరువు మాత్రం పూర్తిగా ఉంది. ఉన్నది ఫ్యాన్ ఒక్కటే. కవర్ అవసరం సరిగ్గా అక్కడే. చదును రోడ్డు మీద పరీక్ష చేసి "బాగానే ఉంది" అనడం వల్ల మనకేం లాభం?

పెద్ద టైర్లు దీన్ని ఇంకా పాడుచేస్తాయి. టైరు పెద్దదైతే ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, అంటే అదే వేగంలో ఇంజను మునుపటికంటే తక్కువ తిరుగుతుంది, కానీ ఎక్కువ మూలుగుతుంది. మన పాత జీపుల్లో ఫ్యాన్, వాటర్ పంపు రెండూ ఇంజను బెల్టుతోనే తిరుగుతాయి కాబట్టి అవీ నెమ్మదిస్తాయి. వేడి పెరిగింది, గాలీ నీళ్ల ప్రవాహమూ తగ్గాయి, ఆ పైన కవర్ తీసేశారు. ఇంత చేసి ఇంజనుని తిడుతున్నాం.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు. బాడీ కింద దిమ్మలు పెడితే బండి కింద రాయి తగలకుండా పోదు. ఛాసిస్, యాక్సిల్, డిఫరెన్షియల్ ఎక్కడివక్కడే ఉంటాయి. డిఫరెన్షియల్ పైకి లేచేది టైరు పెరిగినంతలో సగమే. దిమ్మలు టైరుకి చోటు ఇస్తాయి, అంతవరకే. కమాను కట్టల్లో పట్టీలు కలిపి ఎత్తు పెంచితే సంగతి వేరు, అప్పుడు ఛాసిస్ మొత్తం లేస్తుంది. ఇంజనూ రేడియేటరూ కలిసే లేస్తాయి కాబట్టి ఫ్యాన్ కవర్‌కి ఏమీ కాదు. చిక్కు వచ్చేది బాడీని మాత్రం లేపినప్పుడు. ఇంజను ఛాసిస్ మీద ఉంటుంది, ఫ్యాన్ ఇంజనుకి ఉంటుంది, అవి కదలవు. రేడియేటర్ ముందు గ్రిల్లుకో బాడీకో బిగించి ఉంటే బాడీతోపాటు పైకి పోతుంది, దానికి బిగించిన కవర్ కూడా. అప్పుడు కవర్ గుండ్రం కింది అంచు రెక్కలకి అడ్డం వస్తుంది, పైన ఖాళీ పెరిగిపోతుంది. మీ బండిలో రేడియేటర్ దేనికి బిగించి ఉందో ముందు వంగి చూడండి. ఛాసిస్‌కే ఉంటే కవర్ తీయాల్సిన పనే రాదు.

అన్నయ్య బండిలో అది గ్రిల్లుకే ఉంది. పాత కవర్ కోసం షెడ్డుకి వెళ్తే వెనక పాత సైలెన్సర్ల కింద దొరికింది. కింది అంచుని ఫ్యాన్ కొరికేసింది, మిగతాది బాగానే ఉంది.

అన్నిటికంటే మంచి దారి రేడియేటర్‌ని మళ్లీ రెండంగుళాలు కిందికి దించేయడం. పట్టీలు కొట్టించి పాత చోటికి తెస్తే కవరూ హోసులూ అన్నీ పాత లెక్కకి వస్తాయి. మేము అదే చేద్దామనుకున్నాం. కానీ ఒక అంగుళం దిగగానే కింది ట్యాంకు ఛాసిస్ అడ్డపట్టీకి దగ్గరైపోయింది. ఇంకా దించితే గతుకుల్లో కొట్టుకుని కారుతుంది. అందుకే ఒక అంగుళం రేడియేటర్‌ని దించాం, మిగిలిన అంగుళం కవర్‌ని దించాం. అంటే కవర్ అంచుల్లో బోల్టు రంధ్రాలు ఒక అంగుళం పైకి కొత్తగా వేశాం, కవర్ ఆ మేరకు కిందికి దిగింది. ఇంజను మౌంట్ల కింద దిమ్మలు పెట్టి ఇంజనునే లేపేద్దాం అని మావాడొకడు అన్నాడు. బాబాయ్ ఒప్పుకోలేదు. ఇంజను లేస్తే గేర్‌బాక్సు నుంచి పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారుతుంది, జాయింట్లు తింటాయి అన్నాడు.

కొరికేసిన గుండ్రాన్ని మళ్లీ కొయ్యాలి కదా. బిస్కెట్ల అట్టపెట్టె ముక్క తెచ్చాం. "చదువుకున్నోళ్లు కదా, గుండ్రం గియ్యండి" అన్నాడు బాబాయ్. మేము రేడియేటర్ నడుమ కొలిచి, మేకు గుచ్చి, దారంతో చక్కగా గీశాం. ఆయన అట్ట పెట్టి చూసి నవ్వాడు. ఫ్యాన్ నడుమ, రేడియేటర్ నడుమ ఒకటి కాదు, ఫ్యాన్ పక్కకి ముప్పావు అంగుళం జరిగి ఉంది. అప్పుడు బ్యాటరీ వైరు ఊడదీయించి, ఒక రెక్క చివర సన్నటి తీగ కట్టి, ఫ్యాన్‌ని చేత్తో మెల్లిగా తిప్పాడు. తీగ కొస అట్ట మీద గీత గీసింది. ఫ్యాన్ తన గుండ్రం తానే గీసుకుంది. ఆ గీతకి బయట ముప్పావు అంగుళం వదిలి కోశాం.

ఆ ఖాళీ మరీ తక్కువ పెట్టకూడదు. రబ్బరు మౌంట్ల మీద ఇంజను ఊగుతుంది, ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంకా ఒరుగుతుంది. అర అంగుళం కంటే తగ్గితే రాసుకుంటుంది. అంగుళం దాటితే వేడిగాలి వెనక్కి వచ్చేస్తుంది. ఫ్యాన్ లోతు కూడా చూడాలి. రెక్క వెడల్పులో సగం నుంచి మూడింట రెండొంతులు కవర్ గుండ్రం లోపల, మిగతాది ఇంజను వైపు బయట ఉండాలి. మొత్తం లోపలే ఉన్నా, మొత్తం బయటే ఉన్నా గాలి సరిగ్గా లాగదు.

కవర్ కిందికి దిగాక రేడియేటర్ పైభాగంలో అంగుళం వెడల్పు సందు మిగిలింది. దాన్ని చాలామంది వదిలేస్తారు. వదలకండి, ఫ్యాన్ ఆ సందులోంచే గాలి లాగేస్తుంది, కోర్‌లోంచి లాగదు. గాలికి సులువైన దారి ఉంటే కష్టమైన దారిలో ఎందుకు పోతుంది. సందుకి 20 గేజు జీఐ రేకు పట్టీ రివెట్లు కొట్టి మూశాం. రేకుకీ రేడియేటర్‌కీ మధ్య పాత సైకిల్ ట్యూబు కోసి అంచుకి వేశాం, అదురుకి రేకు రేడియేటర్‌ని కొరక్కుండా. బోల్టులన్నీ రేడియేటర్ పక్క ఫ్రేముకే. కొంతమంది కోర్ సందుల్లోంచి కట్టుతీగ దూర్చి బిగిస్తారు, అది అదురుకి ట్యూబులని అరగదీసి కారేలా చేస్తుంది.

రేకు, రివెట్లు, ట్యూబు, బాబాయ్ కూలి మొత్తం 650 రూపాయలు. కూలి తీసుకోనన్నాడు, అన్నయ్య బలవంతంగా ఇచ్చాడు. తీసేసిన థర్మోస్టాట్ కూడా మళ్లీ వేయించాడు. అది లేకపోతే చలిలో ఇంజను వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది. లంబసింగి చలి సంగతి ఈ గ్రూపులో కొత్తగా చెప్పక్కర్లేదు.

తర్వాత కాగితం పెట్టి చూస్తే నాలుగు మూలలా అతుక్కుంది. పదకొండుమందితో, పసుపు బస్తాలతో ఆ నాలుగు కిలోమీటర్లూ ఎక్కించాం. ముల్లు నడుమ దాటి కొంచెం పైకొచ్చి ఆగింది, ఎర్రగీత దాకా పోలేదు.

ఇప్పుడు మా వాదన. ఇలా రాస్తే రెండు రకాల మాటలొస్తాయని తెలుసు.

ఒకటి, అసలు బండి ఎత్తు పెంచడమే తప్పు కదా అని. నిజం, ఆ మాటని మేము కొట్టేయడం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు దగ్గర ఇదే అడ్డం పడుతుంది. బాడీ లేస్తే బరువు పైకి పోతుంది, దాని మీద టాపుపై మనుషులని ఎక్కిస్తే మలుపులో ఏమవుతుందో మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. కాబట్టి ఫోటో కోసం, గొప్ప కోసం లేపేవాళ్లకి మా సలహా, లేపకండి. అన్నయ్య కూడా ఇప్పుడు దిమ్మలు తీసేసి పాత సైజు టైర్లకి వెళ్దామా అని ఆలోచిస్తున్నాడు. మేమైతే తీసేయమనే అంటున్నాం. కానీ ఆ టైర్ల అప్పు ఇంకా తీరలేదు, ఈలోపు బండి ఆగదు, రోడ్డు కూడా రాలేదు. రోడ్డు వేయకుండా బండిని మార్చొద్దు అనడం కింద ఉన్నవాళ్లకి తేలిక. ఇప్పటికే లేపేసిన బళ్లు మన ఊళ్లలో తిరుగుతున్నాయి. రేపు ఉదయం వాటిలో ఎక్కేవాళ్ల గురించే మేము మాట్లాడుతున్నాం.

రెండోది, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టేస్తే పోతుంది కదా అని. పెట్టొచ్చు. కానీ దానికి కరెంటు కావాలి, పాత బండి డైనమో, వైరింగు దాన్ని మొయ్యాలి. ఘాట్ మధ్యలో ఫ్యూజు పోతే ఏం చేస్తారు? పైగా దానికీ కవర్ కావాలి, అది లేకుండా పెడితే మళ్లీ అదే గుండ్రం. వేలల్లో ఖర్చు పెట్టేముందు 650 పని చేయమంటున్నాం.

మాకు నిజంగా కోపం వచ్చింది ఇంకో విషయానికి. "వేలు తెగకుండా పెడతారంతే" అన్న మాట. అది చెప్పినాయన చెడ్డవాడు కాదు, ఆయనకి ఎవరో అలా చెప్పారు. మేమూ ఫిజిక్స్‌లో గాలి, పీడనం అన్నీ రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే, ఆ రోజు ఆ మాటకి తల ఊపాం. పుస్తకంలో ఉన్నది బానెట్ కింద ఉందని మాకు తట్టలేదు. అందుకే అన్నయ్య 7,000 పోయింది, పెద్దమ్మ గంటసేపు వానలో వణికింది. ఆ తలూపినందుకు మాకు సిగ్గుగా ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం. ఐటీఐలో మెకానిక్ డీజిల్, షీట్ మెటల్ చదివే తమ్ముళ్లు ఈ గ్రూపులో ఉన్నారు. మాకంటే మీరు దీన్ని నీటుగా చేయగలరు. ఊరెళ్లినప్పుడు ఒక కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి. కాగితం గ్రిల్లు ముందు వైపు నుంచే పెట్టాలి, తిరిగే ఫ్యాన్ వైపు చెయ్యి పోనివ్వొద్దు.

డ్రైవర్ అన్నలకి రెండు మాటలు. పొంగిన వెంటనే గోనె వేసి మూత తిప్పకండి. మూత బిగుతుగా ఉన్నప్పుడు లోపల నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు, తెరవగానే ఒక్కసారి మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. ఆ మూత రబ్బరు పాడైతే కూడా బండి తొందరగా పొంగుతుంది. పాడేరు ఎత్తు సుమారు 900 మీటర్లు, అక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. కాబట్టి మూత కూడా చూసుకోండి. గెడ్డ నీళ్లు ఉడుకుతున్న ఇంజనులో ఒకేసారి పోస్తే హెడ్డు పగులుతుంది, చల్లారనిచ్చి కొద్దికొద్దిగా పొయ్యండి. గెడ్డ దాటేటప్పుడు నీళ్లు ఫ్యాన్ దాకా వస్తాయనుకుంటే ఇంజను రేపకండి. నీళ్లలో తిరిగితే రెక్కలు ముందుకి వంగి రేడియేటర్‌నే చీరేస్తాయి.

అన్నయ్య బండికి కవర్ బిగించిన వారం తర్వాత ఫోన్ చేసి అడిగాం. రెండు బోల్టులు వదులయ్యాయట, స్ప్రింగ్ వాషర్లు వేసి బిగించాడు. మేము బిగించేటప్పుడు వాషర్లు మర్చిపోయాం. మీరు మర్చిపోకండి. మీ ఊరి బండిలో రేడియేటర్ దేనికి బిగించి ఉందో, ఎంత దించాల్సి వచ్చిందో కింద రాస్తే మిగతావాళ్లకి ఉపయోగపడుతుంది. సంక్రాంతి సెలవుల్లో బాబాయ్ దగ్గర ఇంకో రెండు బళ్లు ఉన్నాయి, చూడాలనుకునేవాళ్లు ముందు చెప్తే ఆయన్ని అడిగి పెడతాం.